ఉత్త కాళ్ళు

నలభై ఒక్క దేశాల నుంచి కార్లు వస్తున్నాయని విని, పరిగి రోడ్డు మీద టీ కొట్టు నడిపే మనిషి పార్కింగు కోసమని కొట్టు ముందున్న కంపచెట్లన్నీ కొట్టించాడు. తీరా చూస్తే ఆ కార్లు మూరెడు పొడవు. మంచె మీద వరసగా నిలబడి, చేతిలో రిమోటు పట్టుకుని నడిపే బొమ్మ కార్లు. బొమ్మ అన్న మాట వాటి యజమానుల ముందు అనకూడదు, మొహం గంటు పెట్టుకుంటారు. ఒక్కొక్కటి గంటకు డెబ్భై కిలోమీటర్ల వేగంతో ఉరుకుతుంది. దిబ్బ ఎక్కిందంటే మనిషెత్తు ఎగిరి అవతల దూకుతుంది. వాటికో ప్రపంచ పోటీ ఉంది. ఆ పోటీ ఆ ఏడు మొదటిసారి మన ఎర్రనేల మీదికి వచ్చింది.

అందరూ కార్ల గురించే మాట్లాడుకున్నారు. వాటి కింద ఉండే మట్టి గురించి ఆలోచించినవాళ్ళు ఇద్దరే. ఒకరు డాక్టర్ వాగ్దేవి, మట్టిలో బతికే సూక్ష్మజీవుల మీద ఎనిమిదేళ్ళుగా పరిశోధన చేస్తున్న మనిషి. రెండో మనిషి ఓర్సు ఆంజనమ్మ. ఈమె బడి గడప తొక్కలేదు. తాతలు చెరువు కట్టలు పోశారు, తండ్రి బావులు తవ్వాడు, తను పదేళ్ళప్పుడే తట్ట నెత్తికెత్తుకుంది. యాభై రెండేళ్ళు వచ్చేసరికి ఆమెకంటూ మిగిలిన విద్య రెండు అరికాళ్ళలో ఉంది. నేల మీద కాలు మోపితే చాలు, మట్టి పదునుకొచ్చిందో లేదో చెప్పేసేది. పదునంటే ఇక్కడ కత్తి పదును కాదు. నీళ్ళు తాగిన మట్టి మరీ బురద కాకుండా, మరీ పొడి కాకుండా, మనిషి చెప్పిన మాట వినే ఘడియ ఒకటి ఉంటుంది. ఆ ఘడియ పేరు పదును.

పోటీ కమిటీ వాళ్ళ షరతు ఒక్కటే. మొదటి రోజు మొదటి కారు కింద ఎలాంటి నేల ఉంటుందో, పదో రోజు చివరి కారు కిందా అదే నేల ఉండాలి. మట్టి ట్రాకు మీద అది ఎవరివల్ల అవుతుంది? రెండు పందేలు కాగానే మలుపుల్లో గాట్లు పడతాయి, దిబ్బల అంచులు విరుగుతాయి. పోటీ జరిపిస్తున్న క్లబ్బు ప్రెసిడెంటు చక్రపాణి రావు తల పట్టుకుని కూర్చున్నప్పుడు వాగ్దేవి తన పీపాలతో వచ్చింది.

ఆ పీపాల్లో చిక్కటి తెల్లటి ద్రవం ఉండేది. కూలీలు దాన్ని గంజి అన్నారు. చెదపుట్టను పొద్దున పొడిస్తే మాపటికల్లా పూడిపోతుంది కదా, అదే గుణం ఆ గంజిది. మట్టిలో పోసి కలిపితే వెంట్రుక కన్నా సన్నటి పోగులు లోపలంతా అల్లుకుంటాయి. ఒకసారి నేర్పితే ఆ రూపం, ఆ గట్టిదనం గుర్తుపెట్టుకుంటాయి. టైరు కోసినా, వాన కోసినా రెండు గంటల్లో మట్టి మళ్ళీ నేర్చుకున్న రూపానికే వస్తుంది.

చిక్కంతా నేర్పడంలోనే వచ్చింది. రోడ్డు రోలరుతో తొక్కిస్తే మట్టి రాయిలా బిగుసుకుని పగిలింది. కొలతల మిషన్లు పెట్టారు, లాభం లేదు. శ్రావణంలో ఒకరోజు చూస్తే, ట్రాకులో ఒక్క మూల మాత్రం పందెపు కారు ఇరవై సార్లు తిరిగినా చెక్కుచెదరలేదు. అక్కడ మట్టి మోసింది ఆంజనమ్మ. పని తీరాక అలవాటు కొద్దీ కాళ్ళతో తొక్కి సాపు చేసింది.

"మట్టికి ఏ చోట ఎంత బరువు కావాలో ఆమె కాలు చోటు చోటుకీ మార్చుకుంటోంది. ఈ పని మిషను చేయలేదు," అని వాగ్దేవి ప్రెసిడెంటుకు చెప్పింది. మర్నాటి నుంచి ఆంజనమ్మ చేత తట్ట మోయించలేదు. నాలుగు వందల మీటర్ల ట్రాకంతా ఆమె కాళ్ళ కింద పెట్టారు.

తొక్కుడు మొదలుపెట్టిన రోజున ఆంజనమ్మ చెప్పులు గట్టు మీద విడిచింది. వంగి మట్టిని తాకి కళ్ళకద్దుకుంది. వాళ్ళింటి ఆచారం అది.

"చెప్పులెందుకు విడిచారమ్మా?" అని వాగ్దేవి అడిగింది.

"నేలతల్లి గదా డాక్టరమ్మా. పని వట్టెటప్పుడు చెప్పులతోని తొక్కద్దు. పాపం దల్గుతది."

వాగ్దేవి కొంచెంసేపు ఆమె పాదాల వంక చూసింది. పగిలిన మడమలు, రెండో వేళ్ళకు వెండి మెట్టెలు. "మంచి ఆచారమమ్మా. మీ పద్ధతి మీరు పాటించండి, ఎవరూ అడ్డు చెప్పరు," అంది. ఆ మాటకు ఆంజనమ్మ పొంగిపోయింది. చదువుకున్నవాళ్ళలో ఇంత మర్యాద ఉంటుందని ఆమె అనుకోలేదు. వాగ్దేవి, ఆమె కింద పనిచేసే నలుగురూ మోకాళ్ళ దాకా తెల్లటి రబ్బరు బూట్లు వేసుకునేవారు, చేతులకు తొడుగులు. పట్నం పాదాలు, సుకుమారం, పాపం అనుకుంది ఆంజనమ్మ. ఒకరోజు నోరు తెరిచి అడిగింది కూడా. "నువ్వు గూడ ఒకపారి ఇడిచి తొక్కు తల్లీ, కాళ్ళకు సల్లగ ఉంటది." వాగ్దేవి నవ్వి, చేతి గడియారం చూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తొక్కడంలోనూ ఒక ఒడుపు ఉంది. అడుగు అచ్చు పడకూడదు. మునివేళ్ళ వెనక మెత్తటి భాగం ఆనించి, ముందుకు జార్చి, వెనక కాలి అంచుతో ఆ గీత తుడిచేయాలి. ఆంజనమ్మ దానికి జారుతొక్కుడని పేరు పెట్టింది. డాక్టరు పుస్తకంలోనూ ఆ మాటే రాసుకున్నారు. ఒకసారి మూడో మలుపు దగ్గర ఆమె మొగుడు ముత్తయ్య నీళ్ళ టాంకరు మీద నుంచి ఏదో కేకేస్తే, "ఆఁ?" అంటూ ఆగి నిండు అడుగు వేసింది. మట్టి పదును మీద ఉంది. రెండు గంటలకు చూస్తే ఆ అడుగు అక్కడే ఉంది, అయిదు వేళ్ళు, మెట్టె గీతతో సహా. పూడ్చారు. రోలరు తిప్పారు. పొద్దునకు మళ్ళీ లేచింది. చివరికి మూరెడు లోతు తవ్వి, ఆ మట్టి పారబోసి కొత్తది పోయాల్సి వచ్చింది. ప్రెసిడెంటు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. వాగ్దేవి మాత్రం చిన్నపిల్లలా గంతులేసింది. ఆ అడుగును అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసింది.

"కోడిపిల్ల గుడ్డులోంచి రాగానే ముందెవరిని చూస్తే వాళ్ళ వెంటే పడుతుంది కదమ్మా. ఈ మట్టి మీ కాలి వెంట పడింది. నేర్చుకున్నాక కూడా, పదును మీద ఉండగా మీరు వేసిన అడుగే దానికి కొత్త పాఠం. ఇంకెవరి కాలినీ లెక్కచేయదు," అంది.

ఆ సాయంత్రం ఆంజనమ్మ ఇంటికి వెళ్ళి మొగుడికి చెప్పుకుంది. "మట్టికి నేను ఎర్కనంట."

"మరి గిన్నొద్దుల సంది మోస్తివి, ఎర్క లేకుంటె ఎట్ల?" అన్నాడు ముత్తయ్య. పన్నెండేళ్ళు షార్జాలో మేడలు కట్టి వచ్చిన మనిషి. అక్కడి నుంచి తెచ్చుకున్నవాటిలో ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నది ఒక జత ఇనుప ముక్కు బూట్లు. టాంకరు నడిపేటప్పుడు అవే వేసుకునేవాడు.

భాద్రపదం చివర్లో ఒకనాడు ముత్తయ్య ఇంటికి వచ్చేసరికి గడప నుంచి పొయ్యి దాకా నేల మీద ఎర్రటి మరకలు వరసగా ఉన్నాయి. ఆంజనమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టె కొడుతోంది.

"ఏందే ఇది, నెత్తురు?"

"ఏడ?"

ఆమె కాలు పట్టుకుని తిప్పి చూశాడు. తుమ్మముల్లు, వేలెడు పొడవుది, మడమలోకి మొత్తం దిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకు తెలియదు. ముత్తయ్య పళ్ళ బిగువున ముల్లు లాగుతుంటే ఆమె ఇంకెవరి కాలో చూస్తున్నట్టు చూసింది. అప్పుడు భయమేసింది. చిటికెన వేలు గిల్లుకుంది, బొటనవేలు గిల్లుకుంది, పొయ్యి పక్కనున్న వేడి రాయి మీద కాలు ఆనించింది. ముత్తయ్య గబుక్కున లాగేశాడు గానీ లేకపోతే తోలు కాలేదాకా ఆమెకు తెలిసేది కాదు.

మర్నాడు వాగ్దేవికి చెబితే, "షుగరేమో చూపించుకోండమ్మా. మీ వయసులో మామూలే," అంది. ఆ మాట పట్టుకుని ఆంజనమ్మ అన్నం మానేసింది, తీపి చాయ్ మానేసింది. నలభై రోజులు నోరు కట్టుకుంది. తర్వాత సర్కారు దవాఖానాలో నర్సమ్మ వేలు పొడిచి చూసి, "నీకు షుగరేంది, నీ నెత్తురు నా నెత్తురు కన్న మంచిగుంది," అని పంపించింది. ఆ సంగతీ వచ్చి చెప్పింది. "లేదా? మంచిదేగా," అంటూ వాగ్దేవి మైక్రోస్కోపు మీదికి వంగింది.

ఇక్కడే నాకు కడుపు రగిలిపోతుంది. ఆ తర్వాత ఆంజనమ్మ ఏం చేసిందో తెలుసా? తన కాళ్ళకు తెలివి పోయిన సంగతి దాచింది. అరికాలు పదును చెప్పడం మానేసింది గనక, ఎవరూ చూడనప్పుడు వంగి చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి చూసుకునేది. ఈమెకిక చేతకాదని తెలిస్తే డాక్టరమ్మ బాధపడుతుందని, ఎనిమిదేళ్ళ కష్టం పాడవుతుందని ఆమె భయం. దొంగతనం చేసినవాళ్ళు తెల్లబట్టలు వేసుకుని దర్జాగా తిరుగుతుంటే, సొమ్ము పోయిన మనిషి తల దించుకుని తిరిగింది.

దీపావళి దాటాక విదేశీ జట్లు దిగడం మొదలైంది. ఆ పొద్దున గేటు దగ్గర కొత్తగా ఇనుప అరలు వచ్చాయి. వాటి నిండా రబ్బరు బూట్లు, పిల్లల సైజు నుంచి ఏనుగు పాదం సైజు దాకా. పక్కన పసుపుపచ్చ బోర్డు ఒకటి పాతారు. దాని మీద ఉత్త పాదం బొమ్మ, బొమ్మ మీద అడ్డంగా ఎర్ర గీత, కింద పన్నెండు భాషల్లో రాత. వచ్చిన ప్రతివాడూ అది చదివి, బుద్ధిగా బూట్లు తొడుక్కుని లోపలికి వెళ్తున్నాడు.

టాంకరు ఆపి ముత్తయ్య దాని ముందు నిలబడిపోయాడు. షార్జాలో పన్నెండేళ్ళు ఇలాంటి బోర్డుల కిందే పనిచేశాడు. పత్రిక చదవమంటే చదవలేడు గానీ, ప్రమాదం బోర్డు ఇంగ్లీషులో ఉన్నా అరబ్బీలో ఉన్నా వదలడు. రెండుసార్లు చదివాడు. తర్వాత ట్రాకు మీద ఉన్న పెళ్ళాన్ని పిలిచాడు.

"ఏం రాసిండ్రు?" అంది ఆంజనమ్మ గట్టెక్కి వస్తూ.

"ఉత్త కాళ్ళతోని ఈ మట్టిల దిగద్దంట." ముత్తయ్య బొమ్మ మీది ఎర్ర గీతకు వేలు ఆనించాడు. "దిగితె నరాలు సస్తయంట."

ఆంజనమ్మ బోర్డు వంక చూసింది. "తెలుగుల ఏడ రాసిండ్రు?"

"తెలుగుల లేదే."

"మల్ల జూడు."

"జూసిన. పన్నెండున్నయ్. తెలుగు లేదు."

ముత్తయ్య తన బూట్ల వైపు చూసుకున్నాడు. "షార్జల బూట్లు లేకుంటె గేటు లోపటికి రానియ్యకపోదురు. ఈడ నేను బూట్లేసుకోని బండిల గూసున్న, నువ్వు ఉత్త కాళ్ళతోని... నాకు జర్ర తెలివన్న లేకపాయె," అన్నాడు.

"నువ్వుండు," అని ఆంజనమ్మ ప్రయోగశాల షెడ్డు వైపు నడిచింది. మట్టి కాళ్ళతోనే లోపలికి వెళ్ళింది. ఎప్పుడూ ఆమె ఆ గడప దాటలేదు.

"డాక్టరమ్మా, బయట బోర్డు మీద ఏం రాసిండ్రు?"

వాగ్దేవి తల ఎత్తింది. "అది విదేశీ టీముల కోసం అమ్మా. ఇన్సూరెన్సు వాళ్ళ రూలు."

"ఉత్త కాళ్ళతోని దిగితె నరాలు సస్తయని ఉన్నదంట గదా."

"చావడం కాదమ్మా. స్పర్శ తగ్గుతుంది. కొంతకాలం."

"ఎంత కాలం?"

"ముందు మీరు కూర్చోండి."

"కూసుంటె ఏంది, నిలవడితె ఏంది, నాకు రెండొక్కటే అయినయ్ గదా. ఎంత కాలం?"

"కొందరికి ఆరు నెలల్లో తిరిగి వచ్చింది."

"కొందరంటె ఎవలు?"

వాగ్దేవి కాగితాలు సర్దింది. చెప్పక తప్పలేదు. "ఎలుకలు," అంది.

"ఎలుకలా?" ఆంజనమ్మ ఆ మాట నమలలేక నమిలింది. "అన్నిటికొచ్చిందా?"

"సగానికి."

బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. అందులో రెండు పాదాల బొమ్మలు ఉన్నాయి, వాటి మీద వారం వారం నల్లరంగు వేళ్ళ నుంచి మడమల దాకా పాకింది. ఎడమ కాలు బొమ్మలో రెండో వేలికి మెట్టె గీత ఉంది. ఆంజనమ్మ దాని మీద వేలు పెట్టింది. "ఈడ ఏం రాసినవ్?"

వాగ్దేవి గొంతు తగ్గించి చదివింది. "తొక్కుడు యూనిట్ ఒకటి. పదకొండో వారం."

"యూనిటంటె?"

"మీరేనమ్మా."

పదకొండు వారాలుగా తెలుసన్నమాట. షుగరు చూపించుకోమన్న రోజుకే తెలుసు. జొన్న రొట్టె తిన్న నలభై రోజులూ తెలుసు. ఆంజనమ్మకు ఏడుపు రాలేదు, ఊపిరి వేడిగా వచ్చింది.

"నాకెందుకు జెప్పలే?"

"పనిలో పెట్టుకున్నప్పుడు ఇచ్చిన కాగితం మీద అన్నీ రాసే ఉన్నాయమ్మా, మీరు వేలిముద్ర కూడా వేశారు," అంది వాగ్దేవి. తర్వాత, తప్పు తనది కాదని తనకే చెప్పుకుంటున్నట్టు, "అయినా చెప్పులు విడిచింది మీరే కదా. మేము విడవమని అనలేదు," అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది అంటారు. ఆంజనమ్మ అరికాళ్ళలో మంట పుట్టే దారి మూసేశారు గనక ఆ మంట నేరుగా నెత్తిలోనే పుట్టింది. "నేలతల్లిని మొక్కెటందుకు ఇడిచిన. నీ గంజికి మేత వెట్టెటందుకు ఇడువలే. మంచి ఆచారమని నువ్వన్నప్పుడు నేనెంత సంబురపడ్డనో ఎర్కనా నీకు?"

వాగ్దేవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైనవే, నేను కాదనను. "ఇది ఆటబొమ్మల కోసం కాదమ్మా. ఈ పోటీలో మన మట్టి నిలబడితే ప్రపంచం మొత్తం చూస్తుంది. రేపు ఇదే మట్టితో చెరువు కట్టలు పోయొచ్చు. తెగిన కట్ట దానంతట అదే పూడుకుంటుంది. ఎన్ని ఊళ్ళు బతుకుతాయో ఆలోచించండి. కాలిలో ఉన్న ఆ తెలివి మట్టికి దిగాలంటే ఉత్త చర్మమే తగలాలి. బూటుతో నేర్పితే నేర్చుకోదు. మీకు చెబితే మీరు దిగరని..."

"మా తాత చెరువు కట్ట పోస్తుంటె కట్ట తెగి అండ్లనే పోయిండు," అంది ఆంజనమ్మ. "చెరువు కోసమని చెప్పుంటె తొక్కేదాన్నేమో తల్లీ. చెప్పి అడుగకపోతివి."

ఆ తర్వాత రెండు రోజులు ఆమె ట్రాకుకు వెళ్ళలేదు. మూడో రోజు మధ్యాహ్నం అకాల వాన కుండపోతగా కురిసింది. పోటీ మర్నాడే. ట్రాకంతా తనంతట తాను సర్దుకుంది గానీ, రెండో మలుపు కింద పాత కాలువ ఒకటి పొంగి, ఆ మలుపును మట్టితో సహా ఊడ్చుకుపోయింది. కొత్త మట్టి పోశారు, గంజి కలిపారు. నేర్పేవాళ్ళు లేరు. ప్రెసిడెంటు స్వయంగా కారేసుకుని ఆంజనమ్మ ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి దండం పెట్టాడు. ఇన్నాళ్ళూ ఆమె పేరేమిటో కూడా ఆయనకు తెలియదు.

"పొద్దుగాల వస్త," అంది ఆంజనమ్మ.

పొద్దున ఏడింటికి ఆమె వచ్చేసరికి మంచె మీదా గట్ల మీదా జనం కిక్కిరిసి ఉన్నారు. నలభై ఒక్క దేశాల వాళ్ళు, అందరి కాళ్ళకూ రబ్బరు బూట్లు. కమిటీ పెద్దలు ముగ్గురు గొడుగుల కింద కూర్చున్నారు. వాగ్దేవి ఎదురొచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. "ఒక్క మలుపేనమ్మా. రెండు గంటల పని," అంది.

"తొక్కుత. నువ్వు గూడ దిగు."

"నేనా?"

"బూట్లు ఇడిచి దిగు. నేలతల్లి గదా. మంచి ఆచారమంటివి."

ఆంజనమ్మ గొంతు పెంచలేదు గానీ గట్టు మీద నిలబడ్డ తెలుగువాళ్ళందరికీ వినబడింది. విదేశీయులకు మాట అర్థం కాకపోయినా, ఒక ఆడమనిషి ఉత్త కాళ్ళతో నిలబడి ఇంకో ఆడమనిషి బూట్ల వైపు చెయ్యి చాపడం అర్థమైంది. వాగ్దేవి వంగింది. కుడి బూటు అంచు పట్టుకుంది. సగం దాకా జార్చింది. తెల్లటి మడమ కనిపించింది. కింద ఎర్రగా, తడిగా ట్రాకు ఉంది. ఎనిమిదేళ్ళు తను పెంచిన మట్టి. అందులో ఏముందో ఆమెకు తెలిసినంతగా ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి బూటు మళ్ళీ పైకి లాక్కుంది.

"సూసినవా," అంది ఆంజనమ్మ. "నువ్వు దిగలే. ఎందుకంటె నీకు ఎర్కే."

తర్వాత ఆమె మొగుడి వైపు తిరిగింది. "కార్లు ఉరికె బాట మీద జర్ర ఎండినట్టుంది. ఒక్క టాంకరు నీళ్ళు గొట్టు."

ముత్తయ్య కొట్టాడు. ట్రాకంతా తిప్పి సమంగా కొట్టాడు. ప్రెసిడెంటు సంబరపడిపోయి, ఒప్పుకుంది, ఒప్పుకుంది అని కమిటీ వాళ్ళకు చెప్పాడు. ఆంజనమ్మ అంచున నిలబడి, కాలితో తెలుసుకోలేక, మొగుణ్ణి అడగాల్సి వచ్చింది. "పదునుకొచ్చిందా?"

ముత్తయ్య వంగి చిటికెడు మట్టి నలిపి చూశాడు. ఆ మాట ఎప్పుడూ ఆమె చెబితే తను వినేవాడు. "వచ్చిందే," అన్నాడు మొహం పక్కకు తిప్పుకుని. "నేను బూట్లిస్త, వేసుకో."

"వద్దు. ఈ ఒక్కపారి." ఆమె వంగి మట్టిని తాకి కళ్ళకద్దుకుని దిగింది.

రెండో మలుపు వైపు పోలేదు. పందెం మొదలయ్యే గీత మీద నుంచి, కార్లు నడిచే దారి వెంట, నిండు అడుగులు వేసుకుంటూ నడిచింది. మడమ నుంచి వేళ్ళ దాకా ఒళ్ళు బరువంతా వేసి నడిచింది. ముందుగా కనిపెట్టింది వాగ్దేవే. "అమ్మా, జారుతొక్కుడు! అచ్చులు పడుతున్నాయ్!" అని అరిచింది. ఆంజనమ్మ వెనక్కి తిరగలేదు. ప్రెసిడెంటు సెక్యూరిటీ మనిషిని పట్టుకురమ్మని తోశాడు. వాడు అంచు దాకా ఉరికి, తన కాళ్ళకున్న చెప్పులు చూసుకుని, అక్కడే ఆగి, "బూట్లు తెండ్రి, బూట్లు!" అని కేకలు పెట్టాడు. బూట్లు వచ్చేలోగా ఆమె మూడో మలుపు దాటింది. వచ్చాక వాగ్దేవే వాణ్ణి ఆపేసింది. అక్కడ పెనుగులాట జరిగితే ఆ పెనుగులాటా మట్టి నేర్చుకుంటుంది.

దిబ్బలెక్కి దిగింది, మలుపులు తిరిగింది, ఊడిపోయిన రెండో మలుపు మాత్రం పక్క నుంచి దాటేసింది. ఆరు వందల పైచిలుకు అడుగులు. చుట్టు పూర్తి చేసి గేటు దగ్గర గట్టెక్కి, మొగుణ్ణి అడిగింది.

"పడ్డయా?"

ముత్తయ్య ట్రాకు వంక చూశాడు. ఎండ ఏటవాలుగా పడి ప్రతి అడుగులోనూ ఇంత నీడ నిలిచింది. "పడ్డయే," అన్నాడు. "మెట్టెలతోని సహ పడ్డయ్."

రోలర్లు తిప్పారు, పూడ్చారు, ఇసక చల్లారు. రెండు గంటల్లో అన్నీ మళ్ళీ లేచాయి. పోనీ చూద్దామని కార్లు వదిలారు. అడుగు గుంతల్లో పడి మూరెడు కార్లన్నీ పల్టీలు కొట్టాయి. వాటి చక్రాలు చేసిన గాట్లను మట్టి బుద్ధిగా పూడ్చుకుంది, అడుగులను మాత్రం అట్టే ఉంచింది. మొత్తం తవ్వి కొత్తగా నేర్పాలంటే నెలలు కావాలి, ఇంకో మనిషి కాళ్ళూ కావాలి. మధ్యాహ్నానికి కమిటీ పెద్దలు ముగ్గురూ గొడుగులు వదిలి వచ్చి వంగి చూశారు. వాళ్ళలో ముసలాయన మెట్టె గీత మీద వేలు ఉంచి, గేటు దగ్గరున్న పసుపుపచ్చ బోర్డు వైపు ఒకసారి చూసి, మళ్ళీ అడుగు వైపు చూశాడు. ఇవి ఉత్త కాళ్ళు కదా, ఎవరివి అని అడిగాడు.

ప్రెసిడెంటు నోరు తెరవబోయాడు. వాగ్దేవి ముందుకొచ్చింది. ఆమె చేతిలో ఫైలు ఉంది. యూనిట్ ఒకటి అనలేదు.

"ఓర్సు ఆంజనమ్మవి," అంది. ఆ తర్వాత అడిగినవన్నీ చెప్పింది, ఎలుకల దగ్గర నుంచి షుగరు దాకా. ఆలస్యంగా చెప్పిన నిజం ఎవరి కాళ్ళూ తిరిగి తెచ్చివ్వదు గానీ, చెప్పింది. పోటీ ఆగిపోయింది. షెడ్డుకు తాళం పడింది.

అదే సమయంలో ఇంట్లో ముత్తయ్య తొట్టిలో వేడినీళ్ళు పోసి, ఉప్పు వేసి, పెళ్ళాం కాళ్ళకున్న ఎర్రమట్టి రుద్ది రుద్ది కడుగుతున్నాడు. ముందు తన మోచెయ్యి ముంచి వేడి చూసుకున్నాడు. ఆంజనమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"కడుగుడు మొదలువెట్టినవా?" అని అడిగింది.

రెండు పాదాలూ అతని చేతుల్లోనే ఉన్నాయి.